సినిమాకు మచ్చు చూసినాయన

మా అమ్మ ఫోన్ చేసి మొదట పక్కింటివాళ్ళ బోరు ఎండిపోయిన సంగతి చెప్పింది. చివర నేను మధ్యాహ్నం ఏం తిన్నానని అడిగింది. ఆయన పోయారన్న కబురు ఈ రెండింటి మధ్యలో వచ్చింది.

"మచ్చు బాబు పోయేర్రా. నిద్దట్లోనే. ఎవుల్నీ ఇబ్బంది పెట్నేదు," అంది.

నేను అప్పుడు నందపూర్ అవతల ఒక సెల్ టవర్ కింద బ్యాటరీల గదిలో ఉన్నాను. ఫోన్ పెట్టేశాక మిగిలిన బ్యాటరీల వోల్టేజీ చూసి, రాసుకుని, గదికి తాళం వేసి బయట రాయి మీద కూర్చున్నాను. ఆయన గురించి నాకు తెలిసినవన్నీ ఒక వరసలో పెట్టుకుందామనిపించింది. ఏ ఊళ్ళో పుట్టారో తెలియదు. ఎంతవరకు చదివారో తెలియదు. ఆయన సినిమా ఎలా చూసేవారో మాత్రం నాకు బాగా తెలుసు. డిప్లొమా అయ్యాక కోరాపుట్‌లో ఈ ఉద్యోగం దొరికేదాకా నేను రాయగడలో మా థియేటర్ ప్రొజెక్షన్ గదిలో పనిచేశాను. ఆ గది కిటికీలోంచి తెర ఎంత బాగా కనిపిస్తుందో జనమూ అంత బాగా కనిపిస్తారు.

మచ్చు అంటే బస్తాలో సరుకు ఎలా ఉందో తెలుసుకోవడానికి తీసి చూసే గుప్పెడు. రాయగడ బజారులో ఆయనా, ఆయన పార్ట్నరూ కలిసి వలిసెలనే నూనెగింజలు, రాగులు, కందులు, చింతపండు టోకున కొని అమ్మేవారు. సరుకు వస్తే ఆయన బస్తా మూతి విప్పనిచ్చేవారు కాదు. ఒక పక్క తెరిచి ఉండే ఇనుప గొట్టం తెచ్చి, బస్తా నడుములో గుచ్చి, తిప్పి, బయటకు లాగేవారు. గొట్టంలో వచ్చిన గింజలు అరచేతిలో పోసుకుని, బొటనవేలితో నలిపి, ఊది, ఒక గింజను ముందు పళ్ళ మధ్య పెట్టి కళ్ళు మూసుకునేవారు. ఆ కాసేపు దుకాణంలో ఫ్యాను చప్పుడు కూడా ఎక్కువగా వినిపించేది. తర్వాత కళ్ళు తెరిచి "ఉంచండి" అనో "ఎత్తండి" అనో అనేవారు. మూడో మాట నేను వినలేదు.

"మూతి దగ్గర ఎవుడైనా మంచి సరుకే ఎడతాడు. అడుగున ఎలాగూ దుమ్మే ఉంటాది. బస్తా నిజం నడుములో సెప్తాది," అనేవారు.

ఇది సరుకుతో ఆగి ఉంటే ఆయన ఒక మంచి వ్యాపారి, అంతే. ఆగలేదు. పేపరు నడిమి పేజీ నుంచి చదివి, మొదటి పేజీ సంగతులు దుకాణానికి వచ్చినవాళ్ళ నోట వినేవారు. పెళ్ళిళ్ళకు ముహూర్తానికీ వెళ్ళేవారు కాదు, అప్పగింతలకూ ఉండేవారు కాదు. ఆ రెండింటి మధ్య, పురోహితుడు కూడా ఆవలించే వేళకి వెళ్ళి, పెళ్ళికొడుకు మొహం ఒకసారి చూసి వచ్చేసేవారు. సొంత కూతురి సంబంధం విషయంలో పెళ్ళిచూపులకు మేనమామను పంపి, తాను మాత్రం ఒక బుధవారం మధ్యాహ్నం చెప్పకుండా ఆ అబ్బాయి ఆఫీసుకు వెళ్ళి, గుమ్మం అవతల బెంచీ మీద కూర్చుని చూసి వచ్చారట. "ఆదివారం అందరూ మంచోల్లే. బుధవారం మద్దేనం సూడాల మనిసిని," అన్నారట. ఆ అల్లుడు ఇప్పటికీ బాగానే చూసుకుంటున్నాడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు.

సినిమాకి పూర్తి టికెట్ కొనేవారు. ఇంటర్వెల్‌కు కాస్త ముందు లోపలికి వచ్చి, ఇంటర్వెల్ తర్వాత కాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయేవారు. గేటు దగ్గర టికెట్లు చించే అతను, మచ్చు బాబు వచ్చారంటే ఇంటర్వెల్ దగ్గరపడిందని సమోసాలు వేడి చేయించేవాడు. నా దగ్గర సర్వర్‌లో రన్‌టైమ్ సెకన్లతో సహా ఉండేది. సమోసాల విషయంలో మాత్రం థియేటర్ ఆయన్నే నమ్మేది.

పార్ట్నర్ దీనికి పూర్తిగా వేరు. ఊళ్ళో అందరికీ ఆయన పేరు పార్ట్నరే. ఆయన సరుకు చూడడు, అమ్మేవాడి మొహం చూస్తాడు. మాట్లాడతాడు. సినిమాకి ప్రకటనల కంటే ముందే వచ్చి, పక్క సీట్లో తువ్వాలు వేసి, ఆఖరి పేర్లు అయ్యేవరకు ఉంటాడు. ఆ తువ్వాలు తీసిన సీట్లోనే మచ్చు బాబు వచ్చి కూర్చునేవారు. ఆయన మధ్యలో లేచి ఎదురుగా ఉన్న టీ కొట్లో బెంచీ మీద కూర్చుని ఉంటే, సినిమా వదిలాక పార్ట్నర్ అక్కడికి వచ్చేవాడు. ఇద్దరూ బజారు దాకా నడిచి వెళ్తూ ఉంటే పార్ట్నర్ చేతులు గాల్లో తిరుగుతూ కనిపించేవి. మొదలూ చివరా ఆయన చెప్పేవాడు, ఈయన వినేవారు. ఇంకెవరైనా కథ చెప్పబోతే ఈయన అరచెయ్యి అడ్డం పెట్టేవారు.

"వ్యాపారంలో వాటా ఉన్నోడు సెప్తే వినాల. నువ్వెవుడివిరా?"

వాళ్ళిద్దరూ వరసకు ఏమీ కారు. ఒకరిది పార్వతీపురం, ఇంకొకరిది పాలకొండ. ఒకరినొకరు బావా అనుకునేవారు.

ఇద్దరికీ ఇష్టమైన సినిమాలు ఒక వరసలో వచ్చినవే. ఇద్దరు పోలీసులు, పెద్దవాడు నోరు విప్పడు, చిన్నవాడు నోరు మూయడు, కలిసి దొంగల్ని పడతారు. పోస్టరు మీద ఎప్పుడూ రెండు టోపీలే ఉండేవి కాబట్టి మా ఊళ్ళో దాన్ని రెండు టోపీల సినిమా అనేవారు. మొదటి మూడు భాగాలు నా చిన్నప్పుడు వచ్చాయి. తర్వాత చాలా ఏళ్ళు ఏమీ లేదు. హీరోలు వేరే వేరే సినిమాలు చేసి, తర్వాత అవీ మానేశారు. ఇక రాదనుకున్న నాలుగోది దీపావళికి ముందు వారం వచ్చింది.

అది వచ్చేసరికి మచ్చు బాబుకీ పార్ట్నర్‌కీ మాటల్లేవు.

కారణం దసమంతపూర్ వైపు నుంచి వచ్చిన వలిసెలు. ఒక దళారి పంపిన లోడు. ఆయన గొట్టం గుచ్చి, కళ్ళు మూసి, తెరిచి, "ఉంచండి" అన్నారు. వారం తిరిగాక పార్ట్నర్ అల్లుడు ఒక బస్తా మొత్తం టార్పాలిన్ మీద కుమ్మరించి చూపించాడు. నడుములో నిగనిగలాడే గింజలు. పైనా కిందా మట్టి, తాలు. సంతల్లో అందరికీ ఆయన అలవాటు తెలిసిపోయింది. ఎక్కడ గుచ్చుతారో అక్కడే మంచి సరుకు పెట్టి పంపుతున్నారు. అల్లుడు విజయనగరం నుంచి వచ్చిన బుద్ధిమంతుడు. ఎవరినీ తప్పు పట్టలేదు. తేమ చూసే యంత్రం, జల్లెళ్ళు కొందామన్నాడు, అంతే. బస్తాలు మోసే కళాసీలందరి ముందూ నోరు జారింది పార్ట్నర్.

"నిజవే బావా. నడుం ఒక్కటే సూస్తే ఎలాగ?"

అన్నేళ్ళలో పార్ట్నర్ ఆయన్ని తప్పు పట్టడం అదే మొదలట. ఆయన గొట్టం గోడకి ఆనించి, "అయితే ఎవులిది ఆల్లు సూసుకుందాం," అన్నారు. ఎవరూ వద్దనలేదు. దీపావళికి దుకాణం రెండు చేయాలని ఖాయమైంది. ఆ వయసులో విడిపోతే ఇద్దరూ రెండు చోట్ల వ్యాపారం చేస్తారని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. ఇద్దరూ రెండు ఇళ్ళల్లో కూర్చుంటారనే అనుకున్నారు.

సినిమా విడుదలైన రోజు మ్యాట్నీకి పార్ట్నర్ ఒక్కడే వచ్చాడు. పక్క సీట్లో తువ్వాలు వేయలేదు. భుజం మీదే ఉంచుకున్నాడు. ఇంటర్వెల్‌కు కాస్త ముందు మచ్చు బాబు వచ్చి, గోడ పక్క వరసలో దూరంగా కూర్చున్నారు. తెర మీద అప్పుడు ఇద్దరు ముసలి పోలీసులు ఒకరికొకరు వీపు పెట్టుకుని నిలబడి పోట్లాడుకుంటున్నారు. ఇంటర్వెల్ తర్వాత కాసేపటికి ఆయన లేచి టీ కొట్టుకి వెళ్ళిపోయారు.

మా యజమాని ఆ రోజు నన్ను గేటు దగ్గర నిలబెట్టి, ఫోన్లో పబ్లిక్ టాక్ తీయమన్నాడు. తీశాను.

సెల్ రిపేరు చేసే కుర్రాడు: "ఫైట్లో కాలు లెగిసినప్పుడు మొకం కనపడ్నేదు. మొకం కనపడినప్పుడు కాలు నేదు. ఆ కాలు ఎవులిదో దానికి అవార్డు ఇవ్వాల."

కాలేజీలో పాఠాలు చెప్పే ఒడియా మాస్టారు: "భొలొ. కింతు లొంబా." బాగుందిట, పొడుగైందిట. ఆయన ఏ సినిమాకైనా అదే మాట అంటారు.

ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మగారు: "పెద్దాయనకి కుడి మోకాలు అరిగిపోయింది బాబూ. మెట్లు దిగినప్పుడు రెయిలింగ్ పట్టుకున్నాడు, చూశావా? ఇంకోటి. తూటా అక్కడ తగిలితే చచ్చిపోయే ముందు అంతసేపు మాట్లాడరు. మాట్లాడినా అంత చక్కగా మాట్లాడరు." ఇలా అని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

బట్టల కొట్టు దంపతులు. భార్య: "మొదటిది మా పెళ్ళయిన కొత్తల సూసేం. అప్పుడెలాగుండేవారు ఈల్లిద్దరూ!" భర్త: "నానెలాగుండేవోణ్ణో కూడా సెప్పు." భార్య: "అది ఏ భాగంలోనూ నేదు."

తర్వాత ఈ వీడియోలను ఫోల్డర్లలో వేసేటప్పుడు అభిప్రాయాలు మూడు రకాలని తేలింది. హీరోలు ముసలివాళ్ళయ్యారని బాధపడినవాళ్ళు. తాము ముసలివాళ్ళమయ్యామని బాధపడి, ఆ కోపం సినిమా మీద చూపినవాళ్ళు. నోరు మూయని పోలీసు చివర చనిపోయినందుకు ఏడ్చినవాళ్ళు. ఒక్క వీడియో మాత్రం ఏ ఫోల్డర్లోనూ పట్టలేదు.

జనం పల్చబడ్డాక పార్ట్నర్ బయటకు వచ్చాడు. టీ కొట్టు వైపు చూశాడు. బెంచీ మీద మచ్చు బాబు సగం లేచారు. పార్ట్నర్ తలొంచుకుని బజారు వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఈయన తిరిగి కూర్చుని, ఖాళీ గ్లాసు ఎత్తి మళ్ళీ తాగి, తిన్నగా నా ఫోన్ ముందుకు వచ్చి నిలబడ్డారు.

"తియ్యరా ఇంజినీరూ. నేను సెప్తాను."

"చెప్పండి మావయ్యా. సినిమా ఎలా ఉంది?"

"కథ తప్పు."

"ఎక్కడ తప్పు?"

"మూడోదాన్ల ఏటయ్యింది? పెద్దోడు ఉద్యోగం ఒగ్గేసి బస్సెక్కేడు. బస్సు ఘాటీ మలుపుల ఆగింది. దిగి ఎనక్కి నడిసొచ్చేడు. ఇద్దరూ కలిసి రోడ్డు పక్కన హోటలెట్టేరు. ఒకడు గల్లా మీద, ఒకడు పెనం దగ్గర. అవునా? మరి ఇందులో ఏటి, ఏళ్ళ తరబడి మాటల్నేనట్టు మొకాలు తిప్పుకుంటన్నారు? హోటలేటయ్యింది? రాసినోడు మూడోది సూణ్ణేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "హోటలేటి బాబూ!" అన్నాడు సెల్ రిపేరు కుర్రాడు. రాసినవాణ్ణి చూసి నవ్వుతున్నారనుకుని ఆయన కూడా కొంచెం నవ్వి వెళ్ళిపోయారు.

మూడో భాగం టీవీలో ఎన్నోసార్లు వచ్చింది. ఆఖరి దృశ్యం నాకు షాట్ల వరసతో సహా తెలుసు. పెద్ద పోలీసు తన టోపీ టేబుల్ మీద పెట్టి బస్సెక్కుతాడు. బస్సు వెళ్ళిపోతుంది. చిన్నవాడు రోడ్డు మీద నిలబడి ఉంటాడు. పేర్లు పడతాయి. మలుపు లేదు. హోటల్ అసలే లేదు. మచ్చు చూసేసిన సరుకును మళ్ళీ చూసే అలవాటు ఆయనకు లేదు కాబట్టి టీవీలో అది వచ్చినప్పుడల్లా ఆయన ఛానెల్ మార్చేసి ఉంటారు.

మర్నాడు పొద్దున్నే గోడౌనుకు వెళ్ళాను. వీడియో నెట్‌లో మా థియేటర్ పేజీలో పెట్టాలంటే ఆయన్ని ఒకమాట అడగాలి. అడిగే ముందు అందులో తప్పు ఉందని చెప్పాలి. పెట్టాక తెలిస్తే బాగుండదు.

గోడౌనులో పార్ట్నర్ అల్లుడు తాడు పట్టించి నేల మీద సున్నం నీళ్ళతో గీత గీయిస్తున్నాడు. గీతకి ఇటు వలిసెలు, రాగులు. అటు చింతపండు, పసుపు. మచ్చు బాబు ఇటు స్టూలు మీద, పార్ట్నర్ అటు ఖాళీ గోనెల మీద కూర్చుని, గీత తిన్నగా వస్తోందా లేదా అన్నది తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు చూస్తున్నారు.

నేను వీడియో చూపించి, నెమ్మదిగా, "హోటల్ లేదు మావయ్యా," అన్నాను.

"ఏటి?"

"మూడో భాగంలో. బస్సు వెళ్ళిపోతుంది. అంతే. ఆగదు. కావాలంటే ఫోన్లో ఉంది, చూపిస్తాను."

ఆయన ఫోన్ వంక చూడలేదు. నా మొహం చూశారు. ఆయన ఒకరి మొహం అంతసేపు చూడగా నేనెప్పుడూ చూడలేదు. తర్వాత లేచి గీత వైపు నడిచారు.

"పెదమావా, తొక్కకండి, ఇంకా ఆర్నేదు," అన్నాడు అల్లుడు.

ఆయన పంచె కాస్త ఎత్తిపట్టుకుని గీత దాటి, పార్ట్నర్ ముందు నిలబడ్డారు. నెల రోజుల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట ఇది.

"హోటలెట్టేరన్నావు."

పార్ట్నర్ ఒకసారి నన్ను చూశాడు. ఇంకోసారి గోనెల్ని చూశాడు.

"అన్నాను."

"ఎట్నేదంట."

"ఎట్నేదు."

"మరెందుకు సెప్పేవు?"

"నువ్వా వారం పార్వతీపురం ఎల్లిపోతానని సంచీ సర్దుకున్నావు," అన్నాడు పార్ట్నర్. "మీ అన్న మిల్లులో కూసుంటానన్నావు. సినిమా నుంచొస్తా దారి పొడుగునా అదే మాట. బస్సు ఎల్లిపోయిందని నేనెలాగ సెప్తాను బావా?"

కళాసీలు బస్తాల మీద కూర్చుని బీడీలు ఆర్పేశారు. అల్లుడు సున్నం డబ్బా కింద పెట్టాడు.

"అందుకేనా నేనెల్లనేదు?" అన్నారు ఆయన.

"నాకేటి తెల్సు? నువ్వెల్లనేదు."

ఆయన అక్కడే, పార్ట్నర్ పక్కన, గోనెల మీద కూర్చున్నారు. అరచెయ్యి చాపి, అందులో ఏమీ లేకపోయినా బొటనవేలితో నలుపుతూ కాసేపు ఉన్నారు. కళ్ళు మాత్రం మూసుకోలేదు.

"ఇంకా ఎన్ని సెప్పేవు ఇలాటివి?"

"బాగున్నవి ఉన్నట్టే సెప్పేను."

"బాగోనివి?"

"బాగు సేసేను. అల్లుడు జల్లెళ్ళు కొందామంటే కోపం గానీ, నీకు జల్లెడ పట్టకుండా ఏ కథ సెప్పేను?"

ఒక కళాసీ కిసుక్కుమన్నాడు. ఆయన అటు చూడగానే దగ్గులోకి మార్చాడు.

"సరే," అన్నారు ఆయన. "నిన్నటిది సెప్పు. మొదల్నించి."

పార్ట్నర్ మొదలుపెట్టాడు. మొదటి అరగంటలో పోలీసు జీపు ఏ సందులోంచి వచ్చి ఏ సందులోకి వెళ్ళిందో, ఆ సందుల్లో సగం రాయగడవి అన్నట్టు చెప్పాడు. నేను నిన్న మధ్యాహ్నం చూసిన సినిమా కంటే అది పొట్టిగానూ మెరుగ్గానూ ఉంది. మధ్య భాగం రాగానే ఆయన చెయ్యి ఊపి, "అది సూసేను. ముందుకెల్లు," అన్నారు. పార్ట్నర్ రేవులో కాల్పుల దగ్గరికి వచ్చాడు. సగం ఊరిని ఏడిపించిన దృశ్యం అది.

"తూటా వచ్చి తగిలింది," అన్నాడు పార్ట్నర్. ఆగాడు. "కానైతే ఎక్కడ తగిలింది? బుజానికి."

నేను నోరు తెరిచాను. తెరిచిన సంగతి మచ్చు బాబు నావైపు చూడకుండానే కనిపెట్టారు.

"నువ్వూరుకో. సచ్చిపోయేడని నాకూ తెల్సు. నిన్న ఏడ్సుకుంటూ ఎల్లినోల్లు నా ముందునుంచే ఎల్లేరు."

సరిగ్గా అప్పుడు గుడారి నుంచి రావలసిన కందుల లారీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు. కళాసీలు లేచి, భుజాన గోనెలు వేసుకుని, గీత ముందు నిలబడి ఇద్దరి వంకా చూశారు. అల్లుడు పంపకం వేసుకున్నప్పుడు కందులు అనుకోలేదు. వాళ్ళలో పెద్దవాడు అడిగాడు.

"బాబూ, ఏ పక్క దింపీమంతారు?"

అల్లుడు పార్ట్నర్‌ను చూశాడు. పార్ట్నర్ ఈయన్ని చూశాడు.

"ఎక్కడ కాళీ ఉంటే అక్కడ దింపండ్రా," అన్నారు ఆయన.

ఖాళీ ఉన్నది మధ్య బాటలోనే, గీత గీసిన చోట. వాళ్ళు అక్కడే ఒకదాని మీద ఒకటి దింపడం మొదలుపెట్టారు. మొదటి బస్తా కింద సున్నం ఇంకా తడిగా ఉంది. అల్లుడు ఏదో అనబోయి, డబ్బా మూత వెతికి పెట్టాడు.

ఆయన ఇంకొంచెం దగ్గరికి జరిగి, లారీ చప్పుడులో వినిపించేలా చెవి అటు పెట్టి, "ఊఁ, బుజానికి తగిలింది. తర్వాత?" అన్నారు.